నీలం రాని ఫొటో

మా క్లబ్బులో ఆదివారం పొద్దున్న తలుపు తియ్యగానే చేసే మొదటి పని ప్రింటరుకు నోరు కడగడం. ఆ మాట పెట్టింది మా మేనకోడలు. ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో దాన్ని నాజిల్ చెక్ అన్నారు. బొత్తం నొక్కితే కాగితం మీద నాలుగు రంగుల్లో సన్నని గీతలు మెట్లు మెట్లుగా పడతాయి. గీతలన్నీ పడితే మిషను ఆరోగ్యంగా ఉన్నట్టు. మధ్యలో తెగితే ఆ రంగు సిరా, దాన్ని చిమ్మే హెడ్‌లో ఎక్కడో ఎండి అడ్డం పడినట్టు. తెగిన గీతలు చూసి ఆ పిల్ల, "పళ్లు ఊడిపోనాయి మావయ్యా," అనేది. అది వెళ్లిపోయాక ఆ పని నేను చేస్తున్నాను.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో ఎరువుల దుకాణం మీద ఒక్క గది మాది. కింద నుంచి యూరియా వాసన వస్తుంది. గూడ్సు బండి పోతుంటే బల్ల మీది మౌసు దానంతట అది కదులుతుంది. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు తన సొంత కంప్యూటరు తెచ్చి ఆ గదిలో పెట్టడంతో క్లబ్బు మొదలైంది. తలో కొంచెం వేసుకుని ఇంకొకటి కొన్నాం. తెలుగులో టైపు చెయ్యడం, పరీక్షల దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తియ్యడం, పాత ఫొటోలు స్కాను చేసి మరకలు తుడవడం, ఇవీ మా పనులు. లెక్కల గడుల పాఠం నాది.

నేను గోగునార కమీషను కొట్లో లెక్కలు చూసేవాణ్ణి. చదువు పదో తరగతితో సరి. నారలో తేమకి ఎంత తరుగు తియ్యాలో, ఏ రైతు బండికి ఎంత వస్తుందో కొట్లోనే కూర్చుని నేర్చుకున్నాను. కంప్యూటర్లో ఒక గడిలో సూత్రం రాస్తే కింద గడులన్నిటికీ అదే పాకుతుందని తెలిసిన రోజున నాకు నమ్మకం కలగలేదు. కొన్నాళ్లు కొట్టు లెక్కల్ని నోటితో ఒకసారి, దానితో ఒకసారి చేసి సరిచూశాను. ఎక్కడా తేడా రాలేదు. సంతోషం ఎంత కలిగిందో, దిగులూ అంతే కలిగింది.

మేనకోడలు మా అప్ప కూతురు. విజయనగరంలో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలకి చదువుతానని క్లబ్బుకి వచ్చేది. మేం ట్యాంకుల్లో సిరా పోసుకునే కలర్ ప్రింటరు కొన్నాక దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినది అదొక్కతే. ఆ తరవాత ప్రింటరు దగ్గర దాని మాటే చట్టం. గోడ మీది స్విచ్చి కట్టి మిషను ఆపకూడదు, దాని బొత్తమే నొక్కాలి. అప్పుడే హెడ్ ఇంటికి పోయి మూత వేసుకుంటుంది. వానాకాలం కాగితాల్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాలి. వారానికోసారి నాలుగు రంగులూ వాడాలి, పని లేకపోయినా సరే. నోరు కడగడానికి కొత్త కాగితం పెట్టకూడదు. చెడిపోయిన ప్రింట్లన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, వాటి వెనకవైపు వాడాలి.

పోస్టుమాస్టరుగారికి స్విచ్చి సంగతి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండేది కాదు. ఇంటికి పోయేటప్పుడు ఆయన చెయ్యి ఫ్యానుతో పాటు దాన్నీ కట్టేసేది.

"తాతా! నోరు తెరిసినోణ్ణి తెరిసినట్టే పడుకోబెట్టేస్తావేటి?" అని అరిచేది ఇది.

"మీ మావ కరెంటు మిగులుతాదన్నాడమ్మా," అని ఆయన నా మీదికి తోసేవాడు.

"మావయ్య సెప్తాడు. కరెంటు మిగిల్సి సిరా తగలేస్తాడు. ఆయన లెక్కలో ఒక పక్కే ఉంటాది."

ఆ మాట నాకు కోపం తెప్పించలేదు. నిజమే కాబట్టి లోపల్లోపల లెక్క సరిచేసుకున్నాను.

ఒకసారి ప్రింటరులోంచి టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే మూతెత్తి చూసింది. లోపల బల్లి. మేమందరం కుర్చీలెక్కాం. అది మాత్రం స్కేలుతో బల్లిని మెల్లగా బయటికి నడిపించి, హెడ్ నడిచే పట్టాల మీద పడ్డ బల్లి తోకని పట్టకారుతో తీసి, ఒక నాజిల్ చెక్ వేసి, "అన్నీ పడ్డాయి," అంది. ఆ రోజు దాని ముఖం నాకింకా గుర్తే. ఉద్యోగ పరీక్షలు ఏమయ్యాయని అడిగితే, "నాకు ఉద్యోగం అక్కర్లేదు మావయ్యా. ఓ మిషను ముందర ఓ కుర్సీ ఉంటే సాలు," అనేది. నవ్వుతూ అనేది కాని వేళాకోళం కాదు.

పెళ్లి చూపులకి అప్పటికి ఇద్దరు వచ్చి వెళ్లారు. ఇద్దరూ పిల్ల చామనఛాయ అనే మాట ఎలాగో ఒకలా మా చెవిన పడేసి పోయారు. తరవాత పాతపట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడికి బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు. పిల్ల ఆ సాయంత్రమే క్లబ్బుకి వచ్చి, మిగతావాళ్లు వినకుండా నన్నడిగింది.

"మావయ్యా, ఆ కొట్లో కలర్ మిషను ఉందో లేదో కనుక్కోవా?"

"కుర్రాడెలాగుంటాడో కనుక్కోమనవేటే?"

"అదీ కనుక్కో. ముందు మిషను."

పాతపట్నంలో మా కొట్టుకి నార పంపే ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయన ద్వారా కనుక్కున్నాను. కుర్రాడు నెమ్మదస్తుడు, తల్లి మాట దాటడు, కొట్లో కలర్ ప్రింటరు ఉంది, అది నడపడానికి మనిషి చాలడం లేదు. చివరి ముక్క చెప్పగానే దాని కళ్లు మెరిశాయి. ఆ సంబంధం కుదరాలని మా అప్ప కంటె అదే ఎక్కువ కోరుకుందని నాకు ఆ రోజు తెలిసింది.

అది రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది. సిరిమాను పండక్కి క్లబ్బంతా విజయనగరం పోయింది. వచ్చీరాగానే పెద్ద తుఫాను. స్తంభాలు పడిపోయి కరెంటు రాక రోజుల తరబడి ఆ గది తలుపే తియ్యలేదు. కరెంటు వచ్చాక నోరు కడిగి చూస్తే నలుపు, పసుపు, గులాబీ గీతలు పడ్డాయి. నీలం ఉండాల్సిన చోట తెల్ల కాగితం. ఒక్క గీత లేదు.

పిల్ల కంప్యూటరు నుంచి క్లీనింగు రెండుసార్లు పెట్టింది. రాలేదు. క్లీనింగు పెట్టిన ప్రతిసారీ నాలుగు రంగులూ దిగిపోతాయి, కొత్త సీసాలు విజయనగరం నుంచి రావాలి, అక్కడ దుకాణాలే ఇంకా పూర్తిగా తెరవలేదు. "అయితే ఆదివారం సేత్తోటే కడిగీస్తాను," అంది పిల్ల. సిరంజి, సన్నని గొట్టం, మందుల షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి బల్ల మీద పెట్టుకుంది కూడా. గోరువెచ్చగా చేసి చుక్క చుక్క వదిలితే ఎండిన సిరా కరుగుతుందట.

ఆదివారం రాకముందే మా అప్ప వచ్చింది, చేతిలో స్టూడియో కవరు పట్టుకుని. సంబంధం తెచ్చినాయన మర్నాడు పొద్దున్నే పాతపట్నం పోతున్నాడు. ఫొటోలు ఫోన్లో పంపుకోవడం మా ఊళ్ల పెళ్లిసంబంధాల దాకా ఇంకా రాలేదు. బయోడేటాతో పాటు ఫొటో చేతికివ్వాలి.

"సూడరా తమ్ముడా, ఆ స్టూడియోవోడు నా కూతుర్ని ఎలాగ తీసినాడో. బొగ్గుల కొట్లో కూకోబెట్టి తీసినట్టున్నాది. మీ మిషన్లో తియ్యి."

పెన్‌డ్రైవులో ఫొటో చూశాం. పిల్ల నీలం చీర కట్టుకుని నిలబడింది. వెనక స్టూడియో తెర మీద ఆకుపచ్చని తోట. ఫొటో బాగుంది. ఉన్నది ఉన్నట్టుగా ఉంది.

"మిషను బాగోలేదు అమ్మా. నీలం రాదు. ఆదివారం కడుగుతాను," అంది పిల్ల.

"ఒసే, ఆదివారానికి ఆయన పాతపట్నం ఎల్లి తిరిగొచ్చేస్తాడే. ఎలాగొస్తే అలాగ తియ్యి."

తీసింది. ఫొటో కాగితం మెల్లగా బయటికి వస్తుంటే ముగ్గురం వంగి చూశాం. నాలుగు రంగుల్లో ఒకటి తగ్గితే ఎలా ఉంటుందో నేను అంతకు ముందు ఊహించలేదు. తెర మీది చెట్లు పండుటాకుల్లా పసుపు పచ్చగా వచ్చాయి. నీలం చీర గులాబీ రంగయింది. ముఖం మాత్రం పచ్చి పసుపు రాసుకుని అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు, నిగనిగలాడుతూ, రెండు మెట్లు ఛాయ తేలి ఉంది.

మా అప్ప ఫొటోని చేతిలోకి తీసుకుంది. తరవాత, "ఎంత బాగున్నాదిరా!" అంది.

"ఇది నేనేటమ్మా?" అని నవ్వింది పిల్ల.

"నువ్వు కాకపోతే నేనా? ముక్కు నీది, కళ్లు నీవి."

"రంగు తప్పు అప్పా," అన్నాను నేను. "చెట్లు చూడు. చీర చూడు. నీలం చీర గులాబీ అయిపోయింది కదా."

"అయిపోతే అయిపోనాది. సెట్లకి సంబంధం సూస్తన్నామేటి? సీరంటావా, రేపు బజార్లో గులాబీ సీర కొనీస్తాను. సూపులకి అదే కట్టుకుంటాది. ఇంకేటి తేడా?"

మా అప్ప వేళాకోళానికి అందనుకున్నాను. కాదు. నేను మళ్లీ ఏదో అనబోయాను. అప్పుడు పిల్ల ఆ ఫొటోని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూసింది. ఒక్క గీత తెగినా ప్రింటుని అట్టపెట్టెలో పడేసే మనిషి అది. పోస్టుమాస్టరుగారి మనవడి పుట్టినరోజు కార్డు ఎరుపు కొంచెం తగ్గిందని ఎన్నిసార్లు తీసిందో. ఈ ఫొటోనీ పెట్టెలో పడేస్తుందనే ఎదురుచూశాను. చాలాసేపు చూసి, బల్ల మీది సిరంజిని, నీళ్ల సీసాని సొరుగులో పెట్టేసి, "ఉంచీ మావయ్యా. ఇంకో రెండు కాపీలు తీస్తాను," అంది.

ఈ వ్యవహారమంతటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ క్షణమే. తల్లి చేసిందని అనడానికి లేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. దానికి ఆ కుర్చీ కావాలి. ఆ కుర్చీ దాకా పోయే దారిలో తన ముఖం అడ్డమని ఇద్దరు వచ్చి చెప్పిపోయారు.

పాతపట్నంవాళ్లు చూపులకి వచ్చారు. పిల్ల గులాబీ చీర కట్టుకుంది. మా అప్ప బజారంతా తిరిగి, ఫొటో పక్కన పెట్టి మరీ రంగు కలిపి తెచ్చిన చీర. కుర్రాడి తల్లి కూర్చోగానే సంచిలోంచి ఫొటో తీసి ఒళ్లో పెట్టుకుంది. చీర చూసి, "సీర ఇదే," అని తనలో తాను అనుకుంది. తరవాత ముఖం చూసింది. ఫొటో చూసింది. మళ్లీ ముఖం.

"ఫొటోలో గుంట వేరేలాగున్నాదే?"

"ఎండమ్మా," అంది మా అప్ప వెంటనే. "పరీక్షలని, కోసింగులని ఎండలో తిరగడమే. తుఫాను తరవాత ఎండ సూసినారు కదా, ఎలాగ కాస్తందో."

ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

పిల్లా కుర్రాడూ మాట్లాడుకోమని వరండాలోకి పంపారు. మేనమామని కాబట్టి గుమ్మం దగ్గర కుర్చీ నాకిచ్చారు. కుర్రాడు గొంతు సవరించుకుని అడిగిన మొదటి మాట ఇది.

"మీ ఫొటో తీసిన మిషన్లో నీలం ఆగిపోనాదా?"

పిల్ల తలెత్తి చూసింది. "మీకెలాగ తెలిసినాది?"

"ఎనకాల సెట్లు సూసి కనిపెట్టీసినాను. మా మిషనుకి కూడా ఓసారి అలాగే అయ్యింది. మా అమ్మకి సెప్పలేదులే."

పిల్ల నోటికి గులాబీ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హెడ్‌ని ఎలా కడుగుతారని అతను అడిగాడు. సిరంజి, గోరువెచ్చని నీళ్లు అని ఇది చెప్పింది. పెళ్లి చూపుల్లో అలాంటి మాటలు విన్నది నేనొక్కణ్ణేనేమో. ఇంతకంటె మంచి సంబంధం దొరకదని లోపలికి వెళ్లి మా బావతో గట్టిగా చెప్పాను. "మా అమ్మకి సెప్పలేదులే" అన్న అతని మాటని అప్పుడు మంచితనం కిందే జమ వేశాను. ఇప్పుడా మాటని ఎటువైపు వెయ్యాలో తెలియడం లేదు. ఎందుకంటే అతను ఆ తరవాత కూడా చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు.

పెళ్లయింది. వెళ్లేముందు ఆదివారం పిల్ల క్లబ్బుకి వచ్చి, సిరంజితో నీలం తెరిపించి, నాలుగు రంగుల మెట్లూ పడ్డ కాగితం నా చేతిలో పెట్టి పోయింది.

అత్తవారింట్లో ఏం జరిగిందో నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. కుర్రాడి తల్లి ఆ ఫొటోని పెళ్లికి ముందే చుట్టాలందరికీ చూపించింది, పర్లాకిమిడిలో ఉన్న తన పుట్టింటివాళ్లతో సహా. కోడలు బంగారు బొమ్మలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. పిల్ల కాపురానికి వచ్చాక ఆ మెప్పు ఆవిడకి అవమానమైంది. ఇంట్లో దాన్ని ఫొటో కోడలు అని పిలవడం మొదలుపెట్టారు. ఫొటో కోడలు టీ పెట్టిందా, ఫొటో కోడలు నీళ్లు పట్టిందా. ఆడపడుచుల పిల్లలు కూడా ఫొటో అత్తా అనేవారు, వాళ్లకి అది పేరే అనుకుని.

అది పెద్ద బాధ కాదని పిల్ల నాతో ఫోన్లో అంది. పెద్ద బాధ వేరే ఉంది. కొట్టుకి వెళ్లి కూర్చుంటానంటే అత్తగారు ఒప్పుకోలేదు.

"బస్టాండు ఎదర కూకుంటే ఊరంతా సూస్తాది. ఫొటో సూసినోళ్లు సగం మంది ఉన్నారు. మోసపోనారని నవ్వుతారు. ఇంట్లో ఉండు."

కుర్రాడు తల వంచుకుని అన్నం తిని కొట్టుకి పోయాడట. చెడ్డవాడు కాడు. దాన్ని ఒక్క మాట అనలేదు, సినిమాకి తీసుకెళ్లేవాడు, ప్రింటరు మొరాయిస్తే కొట్లోంచి ఫోను చేసి ఏం చెయ్యాలో దాన్నే అడిగేవాడు. ఇది వంటింట్లో నిలబడి చెప్పేది, ఏ బొత్తం నొక్కాలో, నీళ్లు ఎంత వేడి ఉండాలో. ఆ మిషను ముందు కూర్చున్నది మాత్రం జీతానికి పెట్టుకున్న వేరే ఎవరో.

కొట్టు దాకా తెచ్చిన ఫొటోయే కొట్లోకి రానివ్వకుండా ఆపింది. ఈ లెక్క నేను ఎన్ని విధాల వేసినా మొదటికే వస్తుంది.

నాలుగైదేళ్లు గడిచాక ఒకసారి పిల్ల పుట్టింటికి వచ్చి, ఆదివారం చూసుకుని క్లబ్బు మెట్లెక్కింది. అప్పటికి మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. దరఖాస్తులు ఫోన్లోనే నింపుకుంటున్నారు. పోస్టుమాస్టరుగారికి మోకాళ్ల నొప్పులు. ఆ రోజు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. దాన్ని చూసి లేచి నిలబడ్డాను, ఎందుకో. గులాబీ చీర కట్టుకుని ఉంది. వెలిసిపోలేదు, జాగ్రత్తగా దాచుకున్నట్టుంది.

సంచిలోంచి ఫ్రేము కట్టిన ఫొటో తీసింది. పెళ్లి సంబంధానికి తీసిన ఆ ఫొటోయే. అత్తగారు పెళ్లికి ముందే ఫ్రేము కట్టించి హాలు గోడ మీద, కిటికీ ఎదురుగా పెట్టిందట. మా సిరా చవకది, వెలుతురికి ఆగలేదు. చీర తెల్లబడింది, ముఖం పాలిపోయి, కళ్లూ పెదవులూ గీతల్లా మిగిలాయి.

"రంగు పోనాది, మళ్లీ తీయించమన్నారు మావయ్యా. ఫైలు ఇక్కడే ఉన్నాది కదా."

"మీ కొట్లో కలర్ మిషను ఉంది కదమ్మా. ఫైలు పంపితే అక్కడే తీసేవారు కదా?"

"అక్కడ తీసేది నేను కాదు కదా," అంది.

నేను కుర్చీ జరిపాను. కూర్చుంది. ముందు అట్టపెట్టెలోంచి ఒక కాగితం తీసి వెనక్కి తిప్పి నోరు కడిగింది. గీతలన్నీ పడ్డాయి. "పర్లేదు మావయ్యా, బాగా సూస్తన్నావు," అని మెచ్చుకుంది. తరవాత మామూలు కాగితం పెట్టి ఫొటో తీసింది.

నీలం చీర. ఆకుపచ్చని చెట్లు. వాటి ముందు మా పిల్ల, ఉన్నది ఉన్నట్టుగా. ఎంతో చిన్నపిల్లగా ఉంది. ఆ ఫొటో సరైన రంగుల్లో కాగితం మీద పడడం అదే మొదటిసారి.

దాన్ని చేతిలో పట్టుకుని కొంచెంసేపు చూసింది.  కాగితం పక్కన పెట్టి, కంప్యూటరు తెర మీద రంగులు సరిచేసే పెట్టె తెరిచి, నీలాన్ని కొంచెం కొంచెంగా తగ్గించడం మొదలుపెట్టింది. తగ్గించడం, ప్రింటు తియ్యడం, చీర చెంగు పక్కన పెట్టి చూడడం, మళ్లీ తగ్గించడం. ఆ చీర ఎందుకు కట్టుకుని వచ్చిందో అప్పుడర్థమైంది. తుఫాను చేసిన తప్పుని అది చేత్తో, గీత తేడా రాకుండా, మళ్లీ తయారుచేస్తోంది. అంత పనితనం మా క్లబ్బులో ఇంకెవరికీ రాలేదు.

"అది ఇయ్యొచ్చు కదమ్మా," అని పక్కన పెట్టిన కాగితం చూపించాను. "ఇన్నేళ్లయింది. ఇప్పుడు ఎవరేమంటారు?"

"ఎవరూ ఏటీ అనరు మావయ్యా. ఇదెవరని అడుగుతారు." తెర మీంచి కళ్లు తిప్పకుండానే అంది. "ఆ గోడ మీద అందరికీ అలవాటైన ముఖం ఇదే."

గులాబీ సరిగ్గా కుదిరాక ఫొటో కాగితం పెట్టి చివరి ప్రింటు తీసింది. సిరా ఆరేదాకా కూర్చుని, నేను పోసిన టీ తాగింది. మిషను లోపల దూది పెట్టి తుడిచింది. పనికిరాని ప్రింట్లన్నీ పోగుచేసి, అంచులు సర్ది, అలవాటు చొప్పున అట్టపెట్టెలో వేసింది. నీలం చీర ఫొటోని కూడా వాటితో పాటే వేసింది. నాలుగున్నర ప్యాసింజరుకి టైమవుతోందని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "గోడ మీది స్విచ్చి కట్టీకు మావయ్యా," అంది.

ఇప్పుడు క్లబ్బుకి అద్దె కడుతున్నది ముగ్గురం. పని ఉన్నా లేకపోయినా ఆదివారం వెళ్లి నోరు కడుగుతాను. పెట్టెలో పైన ఏ కాగితం ఉంటే అది తీసి, వెనక్కి తిప్పి పెడతాను. అప్పుడప్పుడు ఆ నీలం చీర ఫొటో పైకి వస్తుంది. దాని వెనకవైపు ఇంకా తెల్లగానే ఉంది, వాడుకోవచ్చు. దాన్ని తీసి అడుగున పెట్టి, ఆ తరవాతి కాగితం వాడతాను.